చిన్న కుండీ చాదస్తం

మొక్కల పెంపకం గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఒక సూత్రం తప్పకుండా వినిపిస్తుంది. మొక్క చిన్నదైతే కుండీ కూడా చిన్నదే ఉండాలి. వేర్లు కుండీ నిండాక రెండంగుళాలు పెద్దదానిలోకి మార్చాలి. అదీ నిండాక మరో రెండంగుళాలు. ఒకేసారి పెద్ద కుండీలో పెడితే తడి ఆరక వేరు కుళ్లి మొక్క చచ్చిపోతుంది. ఈ మాట నర్సరీలో మొక్కలమ్మే అబ్బాయి చెప్తాడు, పక్కింటి పిన్నిగారు చెప్తారు, వాట్సాప్ గ్రూపుల్లో చెప్తారు, వీడియోల్లో చెప్తారు. ఇంతమంది నమ్మినదాన్ని కాదనాలంటే కారణాలు గట్టివై ఉండాలి. ఉన్నాయి. మన డాబాల మీద, మన ఎండలో, మనం పెంచుకునే కూరగాయలకు, పాదులకు, పండ్ల మొక్కలకు ఈ సూత్రం పనికిరాదు. అంతేకాదు, మేడ మీద తోట మొదలుపెట్టిన ఎందరో మొదటి వేసవికే విసిగి మానేయడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

జరిగేది ఇదీ. సంక్రాంతి వెళ్లాక నారు తెచ్చి ఆరంగుళాల, ఎనిమిదంగుళాల కుండీల్లో టమాటా, వంగ, మిరప పెడతారు. నెల రోజులు బాగానే ఉంటాయి. శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి మధ్యాహ్నం ఆకులు వేలాడటం మొదలవుతుంది. పొద్దున నీళ్లు పోసిన మట్టి రెండు గంటలకల్లా పొడిపొడి అయిపోతుంది. పూత రాలుతుంది, నిలిచిన పిందె ఎదగదు. అప్పుడు కుండీ మార్చమని సలహా వస్తుంది. పూతలో ఉన్న మొక్కను పెకలించి మారిస్తే వేర్లు తెగి అది మరికొన్నాళ్లు కోలుకోదు. ఉగాది నాటికి ఎండు కర్రలు, ఖాళీ కుండీలు మిగులుతాయి. ఆ మొక్కలు పెట్టిన ఇల్లాలు తన చేతికి మొక్క బతకదని అనేసుకుంటుంది. ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. ఆమెకు చెప్పిన కొలతే తప్పు.

ఈ సూత్రం ఎక్కడ వేళ్లూనిందో చూస్తే దాని పరిధి తెలుస్తుంది. ఇంగ్లండులో అద్దాల ఇళ్లలో మొక్కలు పెంచిన తోటమాలులు దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. అక్కడి కుమ్మరులు కుండీలను సంఖ్యల పేర్లతో అమ్మేవారు. ఒక కొలత మట్టికి అరవై కుండీలు వస్తే వాటి పేరు సిక్స్‌టీస్, నలభై ఎనిమిది వస్తే ఫార్టీ ఎయిట్స్, ముప్పై రెండు వస్తే థర్టీ టూస్. సంఖ్య తగ్గేకొద్దీ కుండీ పెద్దది. మొక్క ఆ వరుసలో ఒక్కో మెట్టూ ఎక్కాలి. 1930లలో జాన్ ఇన్నెస్ ఉద్యాన సంస్థలో విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ కుండీ మట్టి మిశ్రమాలను శాస్త్రీయంగా స్థిరపరిచినప్పుడు కూడా అవి ఒకటి, రెండు, మూడు అని మెట్లుగానే వచ్చాయి. మెట్టు పెరిగేకొద్దీ ఎరువు పాలు పెరిగేది.

అక్కడ అది తెలివైన పద్ధతి. చలికాలంలో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. సూర్యుడు నడినెత్తికి రాడు. ఆ రోజుల్లో అద్దాల గదిని వెచ్చగా ఉంచడానికి బొగ్గు కాల్చాల్సి వచ్చేది కనుక లోపల ప్రతి జానెడు చోటూ ఖరీదే. ఆ మసక వెలుతురులో, ఆ చలిలో మొక్క తాగే నీళ్లు చాలా తక్కువ. వేరు చేరని మట్టి వారాల తరబడి తడిగానే ఉండిపోతుంది. అక్కడ పెద్ద కుండీకి భయపడటంలో అర్థం ఉంది. మన ఇంట్లో సోఫా పక్కన పెట్టిన మనీప్లాంటుకు, కిటికీకి దూరంగా ఉన్న స్నేక్‌ప్లాంటుకు కూడా ఆ భయం న్యాయమైనదే. కానీ రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో, కాలు పెడితే బొబ్బలెక్కే సిమెంటు డాబా మీద ఉన్న వంగ మొక్కకు ఆ భయం ఎలా వర్తిస్తుంది? అక్కడి సమస్య తడి ఆరకపోవడం. ఇక్కడి సమస్య తడి నిలవకపోవడం.

అయినా పెద్ద కుండీ వేరును కుళ్లిస్తుందనే మాటను వాతావరణంతోనే కొట్టిపారేయను. ఆ వాదం నిలబడిన పునాదిని కూడా చూడాలి. కుండీలో నీళ్లు పోశాక అడుగు కన్నాల నుంచి కారి కారి ఒక దశలో ఆగిపోతాయి. ఆగిన తర్వాత కూడా అడుగున కొంత మందం మట్టి పూర్తిగా నీటితో నిండే ఉంటుంది. మట్టి రేణువుల మధ్య సన్నని సందులు నీటిని పట్టి ఉంచుతాయి కనుక అది కిందికి దిగదు. వేరు కుళ్లేది ప్రధానంగా ఆ పొరలోనే. ఆ పొర మందం ఎంతుండాలో మట్టి నిర్ణయిస్తుంది. మెత్తని బంకమట్టి అయితే ఎక్కువ, గరుకు మట్టి అయితే తక్కువ. కుండీ వెడల్పుతో గానీ ఎత్తుతో గానీ దానికి సంబంధం లేదు. ఒకే మట్టి నింపితే ఆరంగుళాల కుండీలోనూ, పదిహేను అంగుళాల కుండీలోనూ ఆ తడిపొర మందం ఒకటే. అది రెండంగుళాలు అనుకుందాం. చిన్న కుండీలో మట్టి ఎత్తులో మూడో వంతు అదే అవుతుంది. పెద్దదానిలో ఏడో వంతు కంటే తక్కువ. మరి వేరుకు ఊపిరి ఆడే చోటు ఎందులో ఎక్కువ?

నమ్మకం కలగకపోతే గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్లలో ముంచి, వెడల్పు వైపు కిందికి ఉండేలా అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగేదాకా ఆగండి. ఇప్పుడు దాన్ని పిండకుండా నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, అందులోని నీళ్లూ అవే, ఎత్తు పెరిగింది అంతే. ఎత్తు పెరిగితే మురుగు బాగా దిగుతుందని ఇంతకంటే తేలిగ్గా చూపించలేం. పొట్టి కుండీయే తన పరిమాణానికి ఎక్కువ బురదగా ఉంటుంది. చిన్న కుండీ వేరును కాపాడుతుందని చెప్పేవాళ్లు ఈ లెక్కను తలకిందులుగా పట్టుకున్నారు.

కుండీ అడుగున గులకరాళ్లో, ఇటుక ముక్కలో, పగిలిన పెంకులో పరిస్తే నీళ్లు బాగా దిగుతాయనే నమ్మకం కూడా ఇలాంటిదే. సన్న మట్టి కింద గరుకు రాళ్లు ఉంటే నీళ్లు ఆ సరిహద్దు దగ్గరే ఆగుతాయి. తడిపొర రాళ్ల పైకి జరుగుతుంది. అంటే వేరుకు దక్కే చోటు మరింత తగ్గుతుంది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉద్యాన శాస్త్రవేత్త లిండా చాకర్-స్కాట్ ఈ సంగతిని ఎన్నో ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. కన్నం మూసుకుపోకుండా దాని మీద ఒక్క పెంకు పెట్టండి, చాలు. మూడంగుళాల రాళ్లు పరచడం అంటే డబ్బు పెట్టి కొన్న కుండీలో మూడంగుళాలు వృథా చేసుకోవడమే.

ఇంకో ప్రశ్న. మదనపల్లె రైతు టమాటా నారును ఎక్కడ నాటుతున్నాడు? ప్రోట్రేలో, ఒక్కో గుంటలో గుప్పెడు కూడా లేని కొబ్బరి పొట్టులో పెరిగిన నెలలోపు నారును తెచ్చి నేరుగా పొలంలో పెడుతున్నాడు. మధ్యలో నాలుగంగుళాల కుండీ లేదు, ఆరంగుళాలది లేదు. వేలెడంత నారు చుట్టూ ఎకరాల కొద్దీ మట్టి ఉంటుంది. పెద్ద చోటు చిన్న మొక్కను చంపేదే అయితే మన పొలాల్లో టమాటా పండకూడదు. పొలంలో నీళ్లు లోతుకు ఇంకిపోతాయి కదా అంటారా? ఆ మాట నిజమే, నేను చెప్పేదీ అదే. పొలానికి ఉన్న బలం లోతు. కుండీ ఎంత లోతైతే పొలానికి అంత దగ్గరవుతుంది.

పెద్ద కుండీలో పెట్టిన చిన్న మొక్క అసలు ఎప్పుడూ కుళ్లదని నేను అనడం లేదు. నల్లరేగడి మట్టినే తవ్వి తెచ్చి నింపి, కన్నాలు సరిగా లేని డ్రమ్ములో నారు పెట్టి, రోజూ రెండు పూటలా డ్రమ్మంతా నానేలా పోస్తే కుళ్లుతుంది. అక్కడ తప్పు మట్టిది, కన్నానిది, నీళ్లు పోసిన తీరుది. ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, కాస్త గరుకు ఇసుక కలిపి నింపండి. మొదటి రెండు మూడు వారాలు నారు మొదట్లో మాత్రమే నీళ్లు పోయండి. ఇంకా మంచి ఉపాయం, వంగ నారు చుట్టూ ఖాళీగా ఉన్న మట్టిలో మెంతులు, ధనియాలు, తోటకూర విత్తనాలు చల్లండి. వంగ వేరు అటు చేరేలోపు ఆ చోట తడిని అవి వాడుకుంటాయి. నెల తిరిగేసరికి రెండు మూడు సార్లు కూర వండుకోవచ్చు. వంగ కొమ్మలు విచ్చుకునే వేళకు ఆకుకూర పని అయిపోయి ఉంటుంది. వేరు చేరని మట్టి ప్రమాదమని భయపెట్టేవాళ్లకు దానిలోనే ఒక పంట తీయవచ్చని ఎందుకు తోచదో నాకు అర్థం కాదు.

కుండీ చిన్నదైతే మొక్కకు ఏమవుతుందో శాస్త్రజ్ఞులు కొలిచారు కూడా. జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రానికి చెందిన హెండ్రిక్ పూర్టర్, ఆయన సహచరులు 65 అధ్యయనాల ఫలితాలను కలిపి పరిశీలించి 2012లో ప్రచురించారు. కుండీ పరిమాణం రెట్టింపు చేస్తే మొక్క బరువు సగటున 43 శాతం పెరిగింది. చిన్న కుండీలో మొక్క ఎదగకపోవడానికి ముఖ్య కారణం ఆకులు ఎండను ఆహారంగా మార్చుకునే వేగం తగ్గిపోవడమని వాళ్లు తేల్చారు. లీటరు మట్టికి ఒక గ్రాము ఎండు బరువు మించి మొక్క పెరగకుండా చూసుకుంటే కుండీ ప్రభావం లేని ఫలితాలు వస్తాయని, చాలా ప్రయోగాల్లో అంతకు మించిపోతోందని హెచ్చరించారు. ఆ బృందమే ఆసుపత్రుల్లో వాడే ఎంఆర్ఐ పద్ధతిలో కుండీలోని వేర్లను చూసింది. వేరు మొలిచిన కొద్ది రోజులకే కుండీ గోడను వెతుక్కుంటూ పోతుంది. గోడ తగలగానే ఆ కబురు మొక్కకు అందినట్టే పెరుగుదల మందగిస్తుంది. వేర్లు నిండేదాకా చిన్న కుండీలో ఉంచమని చెప్పే సలహా, ఆ కబురు అందాక కూడా వారాల తరబడి మొక్కను అక్కడే కూర్చోబెడుతుంది.

చురుకైన పాఠకులు ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. మట్టి రెట్టింపైతే పెరుగుదల 43 శాతమేనా, మరి లీటరు లెక్కన చూస్తే చిన్న కుండీయే లాభం కదా? ఆకుకూరకు ఆ లెక్క సరిపోతుంది. పాలకూర, మెంతి, కొత్తిమీర లేతగానే కోసుకుంటాం. వాటికి ఆరేడు అంగుళాల లోతున్న వెడల్పాటి టబ్బు చాలు. పద్దెనిమిది అంగుళాల డ్రమ్ములో కొత్తిమీర వేయడం మట్టిని దండగ చేయడమే. కానీ కాయ కాసే మొక్క సంగతి వేరు. అది ముందు తాను బతకాలి, తర్వాత ఆకు వేయాలి, మిగిలితే కాయకు ఇవ్వాలి. ఇరుకున పెట్టిన నాలుగు టమాటా మొక్కలు నాలుగూ బతకడానికే సరిపెట్టుకుంటాయి. అదీగాక ఆ ప్రయోగాల్లో మొక్కలకు నీళ్లు, ఎరువు వేళకు అందించడానికి మనుషులు ఉంటారు. మన డాబా మీద పొద్దున ఒకసారి బకెట్టు పట్టుకుని వెళ్లి వచ్చాక మళ్లీ సాయంత్రందాకా ఎవరూ పైకెక్కరు.

ఆ మధ్య గంటల్లో ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు ఉన్న గ్రోబ్యాగు లోపలి పరిమాణం 2.8 లీటర్లు. పైన అంగుళం వదిలితే మట్టి 2.3 లీటర్లు. మట్టి పరిమాణంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మొక్క తీసుకోగల నీరు ఉంటుందనుకుంటే, అది ముప్పావు లీటరుకు మించదు. కాపు మీదున్న టమాటా మొక్క మండుటెండలో రోజుకు రెండు లీటర్ల దాకా తాగేస్తుంది. అంటే పొద్దున ఏడింటికి నిండా పోసినా మిట్టమధ్యాహ్నానికి అడుగంటుతుంది. అదే పదిహేను అంగుళాల బ్యాగులో నలభై లీటర్ల మట్టి, పది లీటర్లకు పైగా నీరు. ఒకరోజు ఊరెళ్లి వచ్చినా మొక్క పచ్చగానే ఉంటుంది.

వేడి సంగతి ఇంకా ఘోరం. నల్ల ప్లాస్టిక్ కుండీ గోడకు ఎండ తగిలితే పక్క మట్టి కాగిపోతుంది. 40 డిగ్రీలు దాటితే చాలా కూరగాయల వేర్లు పనిచేయడం మానేస్తాయి, ఇంకా పెరిగితే చచ్చిపోతాయి. ఆరంగుళాల కుండీలో మట్టితో పోల్చి చూస్తే గోడ వాటా పదిహేను అంగుళాల కుండీ కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. చిన్న కుండీలో వేరు దాక్కోవడానికి చల్లని మధ్యభాగం అంటూ మిగలదు. పెద్దదానిలో గోడ పక్క వేర్లు మాడినా నడుమ ఉన్నవి మొక్కను నిలబెడతాయి.

టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లడం చూసే ఉంటారు. చూడగానే కాల్షియం లోపమని చెప్పి కోడిగుడ్డు పెంకుల పొడి వేయమంటారు. మట్టిలో కాల్షియం చాలాసార్లు సరిపడానే ఉంటుంది. హైదరాబాదు బోరునీళ్లు పోసే ఇళ్లలో అయితే దానికి కొదవే లేదు, కుండీ అంచున తెల్లగా పేరుకునేదే అందుకు సాక్ష్యం. కాల్షియం నీటితో పాటే మొక్కలో పైకి కదులుతుంది. మట్టి ఒకసారి నానుతూ ఒకసారి పూర్తిగా ఎండుతూ ఉంటే అది కాయదాకా చేరదు. పెంకుల పొడి కరగడానికి నెలలు పడుతుంది, అప్పటికి పంట కాలమే అయిపోతుంది. ఆ మొక్కకు కావలసిన మందు ఇరవై లీటర్ల మట్టి.

మరి నర్సరీలలో చిన్న కవర్లలోనే పెంచుతారు కదా, వాళ్లకు తెలియదా అని అడుగుతారు. వాళ్లకు చాలా బాగా తెలుసు. కడియం, కడియపులంక నర్సరీల రైతులు మొక్క నాడి తెలిసినవాళ్లు. వాళ్ల పని మొక్కను అమ్మేదాకా ఆరోగ్యంగా ఉంచడం. ఎకరంలో ఎన్ని మొక్కలు పడితే అంత ఆదాయం. లారీలో ఎన్ని ఎక్కితే అంత లాభం. అందుకు నల్ల పాలిథిన్ కవరు సరైన కొలత. పైగా అక్కడ నీడవల ఉంటుంది, పూటపూటా నీళ్లు పెట్టే కూలీలు ఉంటారు. మొక్క మన ఇంటికి వచ్చాక దాని పని మారిపోతుంది. ఇక అది అమ్ముడుపోనక్కర్లేదు, కాపు కాయాలి. అమ్మకానికి సరిపోయిన కొలతను కాపుకు కూడా పెట్టుకోవడం మన పొరపాటు.

మన పెద్దలకు ఈ సంగతి తెలిసినట్టే ఉంది. తులసికోట చూడండి. అంగుళాలు కొలిచి మొక్కకు సరిపడా కట్టరు దాన్ని. నడుమెత్తున ఇటుకలతో కట్టి, లోపల మట్టి నింపి, జానెడు తులసిని అందులో పెడతారు. ఆ తులసి గుబురుగా పెరిగి ఏళ్ల తరబడి ఉంటుంది. అదే తులసి బాల్కనీలో ఆరంగుళాల ప్లాస్టిక్ కుండీలో ప్రతి వేసవికీ ఎండిపోతుంటే ప్రతి ఏడూ కొత్తది తెస్తున్నాం. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో తన ఇంటిమీద పెంచిన మిద్దెతోట తెలుగువాళ్లు చాలామందికి తెలుసు. ఆయన ఇటుకలతో మడులు కట్టి నేలలో పెంచినట్టే పెంచారు. ఆ తోట వరస కుండీల మెట్లెక్కి ఎదిగింది కాదు.

ఇక కొలత ఎలా చూసుకోవాలి? కుండీని అంగుళాల్లో కొనడం మానుకోవాలి. పన్నెండంగుళాల కుండీ అంటే దుకాణంలో మూతి వెడల్పు మాత్రమే చెప్తారు. మూతి పన్నెండు, అడుగు ఎనిమిది, ఎత్తు పది అంగుళాలున్న కుండీలో పట్టేది 13 లీటర్లు. పన్నెండంగుళాల ఎత్తుతో నిటారుగా ఉండే గ్రోబ్యాగులో 22 లీటర్లు. పేరు ఒకటే, కుండీలో పట్టే మట్టి మాత్రం బ్యాగులో పట్టేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. కొలత మూడంగుళాలు పెరిగి పదిహేను బై పదిహేను అయితే 43 లీటర్లు, దాదాపు రెట్టింపు. పద్దెనిమిది బై పద్దెనిమిది అయితే 75. అంగుళాల తేడా చిన్నదిగా కనిపించి మనల్ని మోసం చేస్తుంది. లీటరు మోసం చేయదు.

మొక్క పెద్దయ్యాక ఎంత ఉంటుందో చూసి, మొదటి రోజే ఆ కుండీలో పెట్టాలి. మిరపకు 15 లీటర్లకు తగ్గకూడదు. టమాటాకు, వంగకు 20 నుంచి 25. ఖాళీ అయిన 20 లీటర్ల పెయింటు డబ్బా అడుగున, పక్కల కన్నాలు పెడితే ఈ రెంటికీ సరిపోతుంది, ఖర్చూ లేదు. బెండకు తల్లివేరు లోతుకు దిగుతుంది కనుక అడుగు లోతు తప్పనిసరి. దాన్ని నారు పోయకుండా నేరుగా విత్తాలి, అసలు మార్చకూడదు. మెట్లెక్కించే పద్ధతి బెండకు ఏ దశలోనూ పొసగదు. బీర, కాకర, పొట్ల పాదులకు 40 లీటర్లు. పందిరంతా అల్లుకునే ఆకులకు నీళ్లు అందించాల్సింది ఆ కుండీయే కనుక ఇక్కడ పిసినారితనం చూపిస్తే పూత అంతా మగపూలై రాలుతుందని గొణుక్కోవాల్సి వస్తుంది. సొరకు, గుమ్మడికి ఇంకా ఎక్కువ, 60 దాకా. దొండ ఏళ్ల తరబడి కాసేది, దానికీ అంతే ఇవ్వాలి. నిమ్మ, జామ, దానిమ్మలకు 200 లీటర్ల డ్రమ్మును అడ్డంగా కోసిన సగం. రెండు మూడేళ్లకోసారి వానాకాలం మొదట్లో తీసి, గోడ చుట్టూ చుట్టుకున్న వేర్లు కత్తిరించి, కొత్త మట్టితో మళ్లీ అదే డ్రమ్ములో పెట్టాలి.

చిన్న కుండీలో ఇరుకున పెడితేనే పూలు బాగా పూస్తాయని ఇంకో వాదం ఉంది. కాగితం పూల మొక్క విషయంలో నిజం. దానికి కాస్త ఎండగట్టడం, కాస్త ఇరుకు ఇష్టమే. ఎడారి గులాబీ అనే అడీనియం, కాక్టస్, కలబంద లాంటివీ చిన్న చోటే కోరతాయి. వేరు లేని కొమ్మ కటింగులకు కూడా మొదట చిన్న కవరే మంచిది. ఆ నాలుగు మొక్కల లక్షణాన్ని మల్లెకు, గులాబీకి, మందారానికి అంటగట్టడం అన్యాయం. మల్లెకు ముప్పై లీటర్లు ఇచ్చి, పూత ముందు కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్లు నీళ్లు తగ్గించండి. ఇరుకు చేయాల్సిన పని కత్తెర చేస్తుంది, వేరు నష్టపోదు.

చిన్న కుండీ పక్షాన నేను గౌరవించే వాదన ఒక్కటే ఉంది. బరువు. ఇది ప్రాణాలకు సంబంధించినది, దాటవేయకూడదు. మనుషులు తిరిగే డాబాకు భారత ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల భారం, అంటే సుమారు 150 కిలోలు లెక్కలోకి తీసుకోమంటుంది. నలభై లీటర్ల బ్యాగును వట్టి ఎర్రమట్టితో నింపి తడిపితే 65 కిలోల పైనే తూగుతుంది. అలాంటివి డాబా నడుమ ఒకదాన్నొకటి ఆనించి పేరిస్తే హద్దు ఎప్పుడో దాటిపోతాం. అయితే అంత స్థలంలో పేర్చిన చిన్న కుండీలూ బరువే. ప్రమాదం మట్టి మొత్తంలో ఉంది, దాన్ని పెట్టిన చోటులో ఉంది. మట్టిలో సగం కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపితే బరువు మూడో వంతు దాకా తగ్గుతుంది. పెద్ద తొట్లు, డ్రమ్ములు కింద గోడ లేదా దూలం ఉన్న చోట, స్తంభాల దగ్గర పెట్టాలి. శ్లాబు నడుమ ఖాళీగా నడిచే దారి వదలాలి. సజ్జల మీద, బయటికి వేలాడే బాల్కనీ అంచున పెద్దవి పెట్టనే కూడదు. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించాకే డ్రమ్ములు ఎక్కించండి. ఇవన్నీ చేశాక మీ డాబా 400 లీటర్ల మట్టినే మోయగలదని తేలితే, ఆ 400ను నలభై చిన్న కుండీలకు పంచకండి. పాదులు నాలుగు, వంగ, టమాటా కలిపి పది, మిగిలిన మట్టి ఆకుకూర టబ్బుకు. మొక్కల లెక్క తగ్గుతుంది, వంటింట్లోకి వచ్చే కూర పెరుగుతుంది.

డబ్బు సంగతి కూడా ఎత్తుతారు. ఆరంగుళాలది కొని, ఎనిమిది కొని, పది కొని, చివరికి పన్నెండు కొనేవాడు నాలుగు కుండీల డబ్బు పెట్టాడు. మొదటే పెద్దది కొన్నవాడు ఒక్కదానితో సరిపెట్టాడు. దీని మీద ఇంతకంటే చర్చ అక్కర్లేదు.

వానల గురించి ఒక మాట. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు పెద్ద కుండీ కూడా నానుతుంది. కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, కన్నాలు ఏడాదికోసారి పుల్లతో పొడిచి చూడండి, పళ్లేలు తీసేయండి. ఇవి చేస్తే సరిపోతుంది. రెండు నెలల ముసురు కోసం పది నెలల ఎండలో మొక్కను ఇరుకున పెట్టడం ఏ లెక్కన చూసినా తప్పే.

ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు ఎన్ని అంగుళాలని అడగకండి, ఎన్ని లీటర్లు పడుతుందని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే లీటరు సీసాతో మీరే కొలవండి. టమాటాకు ఇరవైకి తక్కువ ఉంటే దాన్ని ఆకుకూరకు ఉంచుకోండి. మీకు తెలిసినవాళ్లెవరైనా ఈ వేసవిలో మొక్కలు ఎండిపోయాయని బాధపడుతుంటే, వాళ్ల ఎరువును, వాళ్ల శ్రద్ధను శంకించే ముందు వాళ్ల కుండీ కొలిచి చూడండి.